‘ఉండరా, అమ్మ పిలస్తంది’: కళింగాంధ్ర ఆటగాళ్ళ సంభాషణలో ముసలి తల్లిదండ్రులు

వ్యాససంగ్రహం:

శ్రీకాకుళం, విజయనగరం ప్రాంతాల యువకులు మొబైల్ ఫోనులో జట్టుగా వీడియోగేములు ఆడుతూ మాట్లాడుకునే మాటల్లోకి వృద్ధులైన తల్లిదండ్రుల ప్రస్తావన ఎలా వస్తుంది, ఏ పదాలతో వస్తుంది, ఎవరిని దాచిపెడుతుంది అన్నవి ఈ వ్యాసం పరిశీలించే అంశాలు. ఆ సంభాషణను ‘కన్యాశుల్కం’, ‘యజ్ఞం’ వంటి కళింగాంధ్ర రచనల పక్కన ఉంచి చదవడం, వార్ధక్యం వస్తువుగా వచ్చిన రెండు వీడియోగేములతో పోల్చి చూడడం ఇక్కడ అనుసరించిన పద్ధతి. తెలుగు వార్ధక్య కథ కొడుకును గైర్హాజరైన మనిషిగానే చూపుతూ వచ్చినందువల్ల దగ్గరుండి చూసుకునే కొడుకు గొంతు విమర్శకు వినబడలేదనీ, ఆ గొంతు సైతం ఇంట్లోని స్త్రీ శ్రమను కప్పుతున్నదనీ ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది.

కీలకపదాలు: కళింగాంధ్ర, వీడియోగేములు, సంభాషణ, వార్ధక్యం, వలస, కన్యాశుల్కం, యజ్ఞం, ఉద్దానం.

1. ప్రవేశిక

జట్టులో నలుగురుంటారు. ఒకరు హైదరాబాదులో గది అద్దెకు తీసుకుని ఉంటారు. ఒకరు గాజువాకలో పనిచేస్తారు. మరొకరు చెన్నైలో. నాలుగో మనిషి ఊరు విడిచి వెళ్ళలేక పాలకొండలోనో చీపురుపల్లిలోనో ఉండిపోతాడు. ఈ ప్రాంతపు కళాశాలల్లో పాఠం చెప్పేవారికి ఇది బాగా పరిచయమున్న అమరిక. రాత్రి భోజనాలయ్యాక నలుగురూ ఫోనులో ఒకే ఆటలోకి దిగుతారు. తెరమీద తుపాకులు, జీపులు, పాడుబడిన భవనాలు. చెవుల్లో మాత్రం కళింగాంధ్ర యాస. పగలంతా కార్యాలయంలో, దుకాణంలో సరిదిద్దుకుని మాట్లాడిన నాలుక ఇక్కడికి వచ్చేసరికి ‘ఏటి సేస్తన్నావు’ అంటుంది.

ఆ మాటల్లో తరచుగా వినబడే వాక్యం ఒకటుంది: ‘ఉండరా, అమ్మ పిలస్తంది.’ పదిహేనేళ్ళ కుర్రవాడు ఈ మాట అంటే మిగిలినవారు నవ్వుతారు, విసుక్కుంటారు, వాడిని వదిలేసి ముందుకు పోతారు. ఆ వయసులో అమ్మ పిలుపు ఆటకు అడ్డం. అన్నానికో, చదువుకో, పడుకోమనో పిలుస్తుంది. అదే వాక్యాన్ని ముప్పై అయిదేళ్ళ మనిషి అన్నప్పుడు జట్టు ఆగుతుంది. ఆట మధ్యలో ఆగడమంటే చావుకు సిద్ధపడడమే, అయినా ఆగుతారు. ఎవరూ నవ్వరు. తిరిగి వచ్చినవాడిని మొదట అడిగే ప్రశ్న ఆటను గురించి కాదు, ‘ఎలాగుంది అమ్మకి?’ అని. వాక్యంలో ఒక్క అక్షరం మారలేదు. పిలిచే మనిషి అవసరం మారింది, వినేవారి వయసు మారింది. తెలుగు విమర్శ ఇంతవరకు పట్టించుకోని ఈ మార్పే ప్రస్తుత వ్యాసానికి ప్రేరణ.

ఇక్కడ ఆధారం చేసుకున్నది సర్వే కాదు, గణాంకం కాదు. విద్యార్థుల నోట, వారి అన్నల నోట, ఆడేవారి పక్కన కూర్చుని విన్న మాట. దానిని ఒక కథనో నాటకంలోని సంభాషణనో చదివే శ్రద్ధతో చదవాలన్నదే ప్రయత్నం. మాట్లాడినవారి పేర్లు, ఊళ్ళు ఇవ్వడం లేదు. అవి వారి ఇళ్ళలోని సంగతులు.

2. ఆట చుట్టూ అల్లుకున్న మాట

వీడియోగేము మనిషిని మూగవాడిని చేస్తుందని, ఒంటరిని చేస్తుందని ఒక అభిప్రాయం స్థిరపడిపోయింది. పత్రికా వ్యాసాల్లో ఇది సాధారణంగా ‘వ్యసనం’ అన్న శీర్షిక కిందనే కనబడుతుంది. ఆ ఆరోపణలో నిజం లేకపోలేదు. కాని ఒకే పదంతో అంతటినీ కప్పేసినందువల్ల ఆట చుట్టూ పుట్టే మాట విమర్శకు అందకుండా పోయింది.

మన ప్రాంతంలో ఆట మౌనంగా సాగిన దాఖలా తక్కువ. పులిజూదం, అష్టాచెమ్మా, వామనగుంటలు, పేకాట, వీటిలో ఏది తీసుకున్నా చేతులు ఒక పని చేస్తూంటే నోరు మరొక పని చేస్తుంది. ఎదురెదురుగా కూర్చుని చెప్పుకోవడానికి ఇబ్బందిగా ఉండే ఇంటిగుట్టు, చూపు పలక మీద ఉన్నప్పుడు తేలికగా బయటపడుతుంది. (పులిజూదంలో పందెం లేదు, పేరులో మాత్రం జూదం ఉంది. ఈనాటి తల్లిదండ్రులు కొడుకు ఫోనులో ఏది ఆడినా ‘ఆ జూదం’ అనడంలో ఈ పాత పదవ్యాప్తి కొంత ఉంది, కోపం కొంత ఉంది. రాష్ట్రంలో 2020లో డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ రమ్మీ, పోకర్ వంటివాటిని నిషేధించినప్పుడు గాని, 2025లో కేంద్రం ఆన్‌లైన్ ఆటల చట్టం తెచ్చినప్పుడు గాని, చట్టం డబ్బాటను మిగిలిన ఆటలనుంచి వేరుచేసింది. ఇంటిభాషలో ఆ విభజన ఇంకా జరగలేదు.)

ఈ సంప్రదాయానికి సాహిత్యంలో సాక్ష్యం కావాలంటే విజయనగరం దాటి పోనక్కరలేదు. 1892లో ఆ పట్టణంలోనే తొలిసారి ప్రదర్శితమై, 1909లో ఇప్పుడు మనం చదువుతున్న విస్తృతరూపాన్ని పొందిన ‘కన్యాశుల్కం’లో మధురవాణి ఇంట పేకాట సన్నివేశం ఉంది. పోలిశెట్టి, సిద్ధాంతి, భుక్త ఆడుతూంటారు. ముక్క వేయడం, ఎత్తిపొడవడం, ఊళ్ళో సంగతి దొర్లించడం ఒకే ధారలో కలిసి నడుస్తాయి. ఎవరు దేనిగురించి మాట్లాడుతున్నారో ఒకోసారి పాఠకుడే తేల్చుకోవాలి. వాస్తవ సంభాషణ నాడిని గురజాడ పట్టుకున్న చోట్లలో ఇది ఒకటి. నేటి ఆటగాళ్ళ మాటను రికార్డు చేసి రాతలో పెడితే అదే అల్లిక కనబడుతుంది: ‘కుడిపక్క చూడు, ఇంటెనక ఉన్నాడు’ అన్న వాక్యం వెంటనే ‘రేపు నాన్నని స్కానింగుకి తీస్కెళ్ళాల’ అన్న వాక్యం వస్తుంది. రెంటి మధ్య విరామం ఉండదు, గొంతులో మార్పు ఉండదు. మార్పు లేకుండా చెప్పగలగడమే ఈ మాటతీరు ఇచ్చే సౌకర్యం.

సంబోధన కూడా గమనించదగినది. తెలియని ఊరివాడు జట్టులో కలిస్తే ‘బ్రో’. ఊరివాడైతే ‘బావా’, ‘మావా’. ఇంట్లో జబ్బు సంగతి వచ్చిన క్షణంలో ‘బ్రో’ అన్నవాడే ‘అన్నా’ అంటాడు. ఎదుటి మనిషి ముఖం ఎన్నడూ చూడకపోయినా వరుస కలుస్తుంది. తండ్రి మంచం పట్టాడని ‘బ్రో’కు చెప్పడం తెలుగు నాలుకకు ఎందుకో కుదరడం లేదు.

3. వార్ధక్య కథ – ఒక అచ్చు

తెలుగులో ముసలి తల్లిదండ్రుల కథకు మూడు నాలుగు దశాబ్దాలుగా ఒక అచ్చు ఏర్పడింది. పెద్ద ఇల్లు, ఇద్దరు వృద్ధులు, విదేశంలో పిల్లలు, ఆదివారం ఫోను, వృద్ధాశ్రమం, ఒకరి మరణం, అంత్యక్రియలకు అందని కొడుకు. ఈ అచ్చులో మంచి కథలు వచ్చాయి, కన్నీరు పెట్టించినవి వచ్చాయి. అయితే దృష్టికోణం దాదాపు ఎప్పుడూ వృద్ధులదే. కొడుకు ఫోనులో ఒక గొంతు. అంతకు మించి అతనికి అంతరంగం లేదు. కథ నడవాలంటే అతను దూరంగా ఉండాలి, దోషిగా ఉండాలి.

ఈ అచ్చు కోస్తా మధ్యతరగతి విదేశీవలస నుంచి పుట్టింది. శ్రీకాకుళం, విజయనగరం వలస తీరు వేరు. ఇక్కడినుంచి వెళ్ళేవారిలో ఎక్కువమంది ఇళ్ళు కట్టే పనికో, హోటలు పనికో, కాపలా పనికో, చేపల వేటకో వెళ్ళేవారు. వారిది డబ్బు పంపి మనిషి రాని పరిస్థితి కాదు. చాలాసార్లు రెండూ చాలవు. 2018 నవంబరులో గుజరాత్ తీరంలో వేట చేస్తూ పాకిస్తాన్‌కు చిక్కిన మత్స్యకారుల్లో ఈ జిల్లాలవారున్నారు; 2020 జనవరిలో గాని విడుదల కాలేదు. సుమారు పద్నాలుగు నెలలు వారి ముసలివాళ్ళకు ఆదివారం ఫోను కూడా లేదు. విదేశీ కొడుకు కథలోని నేరారోపణను తెచ్చి ఇక్కడ అంటించడం కుదరదు.

ఈ ప్రాంతపు కథలో తండ్రీకొడుకుల బంధం మొదటినుంచీ మరొక దారిలో నడిచింది. చాసో ‘ఎందుకు పారేస్తాను, నాన్నా?’లో శీర్షికే కొడుకు తండ్రికి చెప్పే జవాబు. చదువు మానిన కుర్రవాడి వైపునుంచి తండ్రి నిస్సహాయత కనబడుతుంది. కాళీపట్నం రామారావు ‘యజ్ఞం’ మరింత లోతుకు పోతుంది. ముసలివాడైన అప్పల్రాముడు అప్పు తీరుస్తానన్న మాటకు కట్టుబడతాడు. ఆ మాట తన బిడ్డను తరతరాల వెట్టికి అప్పగిస్తుందని గ్రహించిన కొడుకు సీతారాముడు ఆ బిడ్డనే చంపేస్తాడు. కథను భూసంబంధాల కోణం నుంచి, వర్గదృష్టితో ఎంతోమంది చదివారు, అది అవసరమైన పఠనమే. దాని పక్కన మరొకటి కూడా చెప్పాలి. ఇక్కడ కొడుకు తండ్రిని విడిచిపోలేదు. ఒకే పంచాయితీలో, ఒకే అప్పు కింద, తండ్రి పక్కనే ఉన్నాడు. తండ్రి నీతి మీద అతనికున్న కోపం దూరం నుంచి వచ్చింది కాదు. మరీ దగ్గరగా ఉండడం వల్ల వచ్చింది.

దగ్గరుండడం వల్ల పుట్టే ఈ కోపానికి తెలుగు వార్ధక్య కథ చోటివ్వలేదు. ఆటగాళ్ళ మాటల్లో అది ధారాళంగా ఉంది. తండ్రి మందు మింగనంటాడు, మింగానని అబద్ధం చెబుతాడు. నాటువైద్యుడి దగ్గరకు దొంగతనంగా పోతాడు. ఉన్న ఎకరం ఎవరికి రాయాలో తేల్చడు. తల్లి ఒకే సంగతిని గంటలో నాలుగుసార్లు అడుగుతుంది. ఇవన్నీ చెబుతున్నవాడు విసుగుతోనే చెబుతాడు, కాని ఆ విసుగును చెప్పుకోవడానికి అతనికి మరో వేదిక లేదు. బంధువుల ముందు అంటే కృతఘ్నుడవుతాడు. భార్య ముందు అంటే ఆమె చెప్పవలసిన మాట అతను లాక్కున్నట్టవుతుంది. ఆటలో శత్రువు మీద కేకవేస్తూ కలిపి అనేయవచ్చు.

4. ఉద్దానంలో నిరీక్షణ

వార్ధక్యం అంతటా ఒకే వయసులో మొదలుకాదు. కవిటి, సోంపేట, కంచిలి, మందస, వజ్రపుకొత్తూరు, పలాస, ఇచ్ఛాపురం మండలాలు వ్యాపించిన ఉద్దానంలో మూత్రపిండాల వ్యాధి దశాబ్దాలుగా ఉంది. దాని కారణం ఇదమిత్థంగా తేలలేదు. కొబ్బరి, జీడితోటల్లో పనిచేసిన మనిషి నలభై అయిదు, యాభై ఏళ్ళకే వృద్ధుడవుతాడు. అంటే అతని కొడుకు ఇరవై ఏళ్ళకే ‘ముసలి తండ్రిని చూసుకునే కొడుకు’ అవుతాడు. 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను ఈ తోటలను కూల్చింది. కొబ్బరిచెట్టు మళ్ళీ కాపుకు రావడానికి ఏళ్ళు పడుతుంది. చెట్టు పడిన ఇంట్లోనే రోగి ఉంటే కొడుకు వలసపోవాలా, ఉండిపోవాలా అన్నది లెక్కకు లొంగని ప్రశ్న. పోతే ఆసుపత్రికి తీసుకువెళ్ళే మనిషి లేడు, ఉంటే సంపాదన లేదు.

డయాలిసిస్ ఒక్కో విడత సుమారు నాలుగు గంటలు. వారానికి రెండు మూడుసార్లు. పలాసలో 2023 డిసెంబరులో కిడ్నీ పరిశోధన కేంద్రం, 200 పడకల ఆసుపత్రి ప్రారంభమయ్యాక దూరం కొంత తగ్గింది. యంత్రం దగ్గర గడపవలసిన కాలం తగ్గదు. తండ్రి లోపల మంచం మీద, కొడుకు బయట బల్ల మీద. ఆ నాలుగు గంటల్లో ఏ పనీ చేయలేడు, ఇంటికి పోలేడు, నిద్రపోలేడు. చేతిలో ఫోను ఉంది. వంద మంది దిగి ఒకరో ఒక జట్టో మిగిలే ఆట పూర్తిగా సాగితే అరగంట. ఆ బల్ల మీద కూర్చున్న కుర్రవాడిని చూసి ‘లోపల తండ్రి అలా ఉంటే వీడు ఆటాడుకుంటున్నాడు’ అనేవారున్నారు. అనుకోవడం సులువే. అదే బల్ల మీద వార్తాపత్రిక చదువుతున్న మనిషిని ఎవరూ ఆ మాట అనరు.

నిరీక్షణను సాహిత్యం బాగానే గౌరవించింది; విరహోత్కంఠితకు అలంకారశాస్త్రంలో స్థానమిచ్చాం. ఆసుపత్రి వరండాలో నిరీక్షించే కొడుకుకు ఇంకా లక్షణం రాయలేదు. అతను ఆ సమయంలో ఆడే ఆటలో జట్టులోని మిగిలిన ముగ్గురికీ అతనెక్కడినుంచి ఆడుతున్నాడో తెలుసు. ‘అయ్యిందా?’ అని మధ్యలో ఎవరో అడుగుతారు. ఆట ఎంతవరకొచ్చిందని అడిగినట్టే ఉంటుంది. కాదు.

5. ఆట పదజాలం: ఇచ్చేది, ఇవ్వనిది

ఏ సమూహమైనా తన పని పదాలతోనే తన దుఃఖాన్ని చెప్పుకుంటుంది. నేతపనివారికి పడుగూపేకా, బెస్తలకు కెరటం, రైతుకు వాన. ఈ ఆటగాళ్ళకు ‘నాక్’, ‘రివైవ్’, ‘జోను’, ‘ల్యాగ్’. ఇవి ఆంగ్లపదాలని విమర్శకుడు నొసలు చిట్లించవచ్చు. నాకు ఆ అభ్యంతరం లేదు. అవి తెలుగు వాక్యంలో తెలుగు విభక్తులతో, తెలుగు క్రియలతో బతుకుతున్నాయి. అసలు ప్రశ్న వేరు: ఈ రూపకాలు అనుభవంలో దేనిని పట్టుకుంటున్నాయి, దేనిని జారవిడుస్తున్నాయి?

‘నాన్న మొన్న నూతికాడ నాకైపోనాడు.’ తుపాకీదెబ్బ తిన్న ఆటగాడు వెంటనే చావడు. మోకాళ్ళ మీద పాకుతూంటాడు, ప్రాణం క్షణక్షణం తగ్గుతూంటుంది. జట్టువాడు వచ్చి పక్కన కూర్చుని సుమారు పది సెకన్లు కదలకుండా ఉంటే లేస్తాడు. అదే రివైవ్. ఆ పది సెకన్లలో కాపాడేవాడు తుపాకీ ఎత్తలేడు. చుట్టూ చూడలేడు. శత్రువుకు అతనంత తేలికైన గురి మరొకటి ఉండదు. ముసలి తండ్రి జారిపడ్డాడన్న సంగతిని ఈ పదంతో చెప్పినవాడు హాస్యానికే అని ఉండవచ్చు. కాని మంచం పట్టిన మనిషి పక్కన కూర్చునేవాడి స్థితిని, అంటే పోయిన కూలిని, వచ్చిన అవకాశం వదులుకోవడాన్ని, తన ఒంటిని తాను మరిచిపోవడాన్ని ఇంత కచ్చితంగా చెప్పే పదం మన వార్ధక్య కథల్లో నాకు కనబడలేదు. సేవ అన్న పదంలో పుణ్యం ఉంది. రివైవ్ అన్న పదంలో ప్రమాదం ఉంది.

‘జోను’ కూడా అటువంటిదే. ఆట సాగేకొద్దీ సురక్షితమైన వలయం చిన్నదవుతూ వస్తుంది, వెలుపల ఉన్నవాడు నశిస్తాడు. పొలం, రచ్చబండ, వీధి, వాకిలి, చివరకు మంచం: వార్ధక్యంలో లోకం ఇలాగే కుంచించుకుపోతుంది. ‘మా అమ్మకి జోను పెరటిదాకే’ అన్న మాటలో వర్ణన ఉంది, జాలి లేదు. జాలి లేకపోవడం ఇక్కడ మంచిదే అనిపిస్తుంది.

ఈ పదజాలం విఫలమయ్యేచోటు ఆట మళ్ళీ మొదలయ్యేచోటు. ఆటలో చచ్చినవాడు అరనిమిషంలో కొత్త ఆటలో నిలబడతాడు. తప్పు చేస్తే మరోసారి ప్రయత్నించవచ్చు. నిన్నటి విసురుమాటను తుడిచేసి తండ్రితో రోజును మళ్ళీ మొదలుపెట్టే వీలు లేదు. ఈ తేడా ఆటగాళ్ళకు తెలియనిది కాదు. తండ్రి పోయిన ఇంటినుంచి కొన్నాళ్ళకు తిరిగి ఆటలోకి వచ్చినవాడితో జట్టు మాట్లాడే తీరు చూస్తే అర్థమవుతుంది. ఆ రాత్రి నాక్, రివైవ్ అన్న పదాలు ఆటకే పరిమితమవుతాయి. ఎవరూ ఎవరికీ చెప్పకుండానే వాటిని ఇంటి సంగతుల నుంచి వెనక్కి తీసుకుంటారు.

మరొక వైరుధ్యం చెప్పకుండా వదలడం న్యాయం కాదు. ఆట కొత్తగా నేర్చుకునేవాడికి ఈ ఆటగాళ్ళు ఎంతో ఓపికతో చెబుతారు: ఏ మీట నొక్కాలి, ఎక్కడ దాగాలి, ఎందుకు చచ్చావు. పదిసార్లు తప్పు చేసినా పదకొండోసారి చెబుతారు. అదే మనిషి తండ్రికి ఫోనులో డబ్బు పంపడం నేర్పేటప్పుడు రెండోసారికే గొంతు పెంచుతాడు. కొత్త ఆటగాడి తప్పు తాత్కాలికం, రేపు అతను నేర్చుకుంటాడు. తండ్రి రేపు మరికొంత మరిచిపోతాడు. ఆ విసుగులో భయం పాలు ఎక్కువని నా అభిప్రాయం.

6. ఆటే పాఠ్యమైనప్పుడు

ఇంతవరకు ఆట చుట్టూ ఉన్న మాట చూశాం. వార్ధక్యాన్నే ఆటగా చేసిన ప్రయత్నాలు ప్రపంచంలో ఉన్నాయి. వాటిలో రెండు మన చర్చకు నేరుగా పనికివస్తాయి.

2020లో వచ్చిన ‘బిఫోర్ ఐ ఫర్గెట్’లో ప్రధాన పాత్ర సునీత ఆపిల్‌బీ, విశ్వోత్పత్తి శాస్త్రవేత్త. మతిమరుపు వ్యాధి కమ్ముకుంటూండగా తన ఇంట్లో తానే తిరుగుతూ ఉంటుంది. ఇల్లు రంగులేకుండా ఉంటుంది. ఒక వస్తువును తాకి, దాని జ్ఞాపకం తట్టినప్పుడు రంగు వస్తుంది. ఒకచోట ఆమె స్నానాలగదికి పోవాలి. ఆటగాడు తలుపు తీస్తాడు, అది అలమర. మరో తలుపు తీస్తాడు, మళ్ళీ అలమర. ఆటలో గెలవడానికి అలవాటుపడిన వేళ్ళకు ఇక్కడ గెలిచే మార్గమే ఉండదు. ఆమె ఒంటి నిగ్రహం తప్పుతుంది. మనం ఇంట్లో ‘చాదస్తం’ అని ఒక్క మాటతో కొట్టిపారేసే స్థితిని ఈ సన్నివేశం లోపలినుంచి అనుభవింపజేస్తుంది. కథలో చదివితే వృద్ధురాలిపై సానుభూతి కలుగుతుంది. ఇక్కడ తలుపు తప్పుగా తీసినది మన చెయ్యే. ప్రక్రియాపరంగా ఈ భేదం చిన్నది కాదు.

2023లో టొరంటోనుంచి వచ్చిన ‘వెణ్బా’ మన పొరుగుభాష కుటుంబం కథ. (వెణ్బా తమిళంలో ఒక ఛందోరూపానికి కూడా పేరు.) 1980ల చివర కెనడాకు వెళ్ళిన తమిళ దంపతులు, అక్కడ పెరిగిన కొడుకు కవిన్. అమ్మమ్మ ఇంటినుంచి వచ్చిన వంటల పుస్తకం చిరిగింది, అక్షరాలు చెరిగాయి. ఆటగాడు చేయవలసిన పని ఆ వంటను మళ్ళీ కుదుర్చుకోవడం: ఇడ్లీరేకులు ఏ వరుసలో పేర్చాలి, ఆవిరి ఎలా పైకి పోవాలి. ఎక్కువ భాగం తల్లి చేతులతో ఆడతాం. తర్వాత ఆట కొడుకు చేతుల్లోకి మారుతుంది. మన వార్ధక్య కథ ఎన్నడూ చేయని పని ఇది. ఒకే పాఠకుడు మొదట తల్లిగా ఎదురుచూసి, తరవాత కొడుకుగా తడబడతాడు. దోషం ఎవరిదన్న ప్రశ్న దానంతటదే వెనక్కి జరుగుతుంది. ఈ ఆట 2024లో బ్రిటిష్ అకాడమీ ఇచ్చే తొలి ఆట బహుమతిని పొందింది. బహుమతి సంగతి అలా ఉంచితే, భాష చేజారిన కొడుకు వంట ద్వారా అమ్మభాషను కూడబలుక్కోవడం ప్రవాస తెలుగు పాఠకులకు వివరించనక్కరలేని అనుభవం.

ఈ రెంటికీ భిన్నమైన మూడో ఉదాహరణ ఆట కాదు, ఒక జీవితం. నార్వేలో మాట్స్ స్టీన్ అనే యువకుడు కండరాల క్షీణతావ్యాధితో 2014లో ఇరవై అయిదేళ్ళ వయసులో మరణించాడు. కొడుకు ఒంటరిగా గేములాడుతూ గడిపాడనే తల్లిదండ్రులు బాధపడ్డారు. మరణవార్తను అతని బ్లాగులో పెట్టాక, ‘వరల్డ్ ఆఫ్ వార్‌క్రాఫ్ట్’ ఆటలో అతన్ని ఎరిగిన స్నేహితులు రాసిన ఉత్తరాలు వచ్చాయి. అతని మాటవల్ల తమ ఇళ్ళు నిలబడ్డాయన్నవారున్నారు. భద్రపడిన ఆ సంభాషణల ఆధారంగా 2024లో వచ్చిన డాక్యుమెంటరీ లోకానికి అతన్ని పరిచయం చేసింది. ఇక్కడ చూసుకున్నది తల్లిదండ్రులు, వెళ్ళిపోయింది కొడుకు. అయినా మన చర్చకు ఇందులో ఒక సంగతి ఉంది: మాట రాతలో మిగిలినందువల్లే అది బయటపడింది. మన ఆటగాళ్ళ మాట గొంతులో పుట్టి గాలిలో పోతోంది. శ్రీకాకుళంలో 1997లో మొదలైన కథానిలయం అచ్చయిన తెలుగు కథను వెతికి వెతికి దాచింది. అచ్చుకాని ఈ కథనాలకు అటువంటి చోటు లేదు. నోటిమాటను ఎలా సేకరించాలి, చెప్పినవారి గోప్యతను ఎలా కాపాడాలి అన్నవి జానపద పరిశోధన ఇప్పటికే ఎదుర్కొన్న ప్రశ్నలే కాబట్టి తెలుగు శాఖలకు ఇది చేతకాని పని కాదు.

7. మైకులో పడే మరో గొంతు

ఈ సంభాషణను ఇంతసేపు సానుభూతితోనే చదివాం. దానికి ఒక హద్దు ఉంది. ‘నాన్నని నేనే చూసుకుంటన్నాను’ అనే వాక్యంలోని ‘నేనే’ను విమర్శకుడు యథాతథంగా తీసుకోకూడదు. ఆసుపత్రికి తీసుకువెళ్ళేది, డబ్బు సర్దేది, వైద్యుడితో మాట్లాడేది కొడుకు. పక్కబట్టలు మార్చేది, ఒళ్ళు తుడిచేది, ఉప్పు తగ్గించి వేరుగా వండేది, రాత్రి మూడుసార్లు లేచేది ఎక్కువ ఇళ్ళలో కోడలు, లేదా పెళ్ళికాని కూతురు, లేదా మొగుడు పోయి పుట్టింటికి చేరిన ఆడబిడ్డ. ఆమెకు నలుగురి జట్టు లేదు, అరగంట ఆట లేదు. విసుగు చెప్పుకోవడానికి నీళ్ళ కుళాయి దగ్గర పది నిమిషాలు ఉంటే ఉంటాయి.

‘కన్యాశుల్కం’ దగ్గరకు మళ్ళీ పోవలసింది ఇందుకే. లుబ్ధావధాన్లను విమర్శ లోభిగా, ముసలి పెళ్ళికొడుకుగా చదివింది. ఆయన ముసలి తండ్రి కూడా. ఆ ఇంట్లో వితంతువైన కూతురు మీనాక్షి ఉంది. పురుషులు ఒకచోట పేకముక్కలు పంచుకుంటూ ఊరి సంగతులు మాట్లాడుకుంటూంటే, ముసలి తండ్రి ఉన్న ఇంట్లో ఉండేది మీనాక్షి. ఆమె చలనాన్ని ఆమె శీలం ప్రశ్నగా చదివినంత తరచుగా ఆమె చాకిరీ ప్రశ్నగా మనం చదవలేదు. నాటకంలో ఆమె ఏ ఆటలోనూ లేదు. ‘వెణ్బా’ ఈ విషయంలో ఆటగాళ్ళ సంభాషణకంటే ముందుంది. వంటింటి పనినే ఆటగా చేసి, మగపిల్లవాడి వేళ్ళను కూడా ఆ పనిలో పెట్టింది.

మన జట్టు సంభాషణలో ఆమె ఉనికికి ఒకే సాక్ష్యం దొరుకుతుంది. ఆటగాడు మాట్లాడనప్పుడు కూడా మైకు తెరిచే ఉంటుంది. అందులోంచి ఇల్లు వినబడుతుంది: కుక్కరు కూత, టీవీలో ధారావాహిక, ముసలాయన దగ్గు, ‘నీలివ్వే’ అన్న కేక, ‘ఇస్తన్నాను మావా’ అని దానికి వచ్చే జవాబు. జట్టులో కొత్తగా చేరినవాడెవరో ‘బ్రో, మైకు ఆపు’ అంటాడు. పాతవాళ్ళు ఎవరూ అనరు. దగ్గు రెండు రోజులు వినబడకపోతే ఏమైందని అడుగుతారు. జవాబిచ్చిన గొంతు గురించి మాత్రం ఇంతవరకు ఎవరూ అడగగా నేను వినలేదు.